లెంబోంగన్ దీవిలో స్థలం ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

తాటిముంజ
బాలికి ఆగ్నేయంగా నుసా లెంబోంగన్ అని ఒక చిన్న దీవి ఉంది. సనూర్ రేవు నుంచి వేగపడవలో అరగంట. దీవి మొత్తం ఎనిమిది చదరపు కిలోమీటర్లు, రెండే ఊళ్ళు. నాలుగేళ్ళలో ఐదుసార్లు వెళ్ళాను, ప్రతిసారీ ఒకే ఇంట్లో దిగాను. ఇంటాయన పేరు వయాన్. మొన్న వెళ్ళినప్పుడు భోజనం అయ్యాక నన్ను జుంగుట్ బటు ఊరి చివరకు తీసుకువెళ్ళి, సముద్రం పక్కన మూడు అరెల స్థలం చూపించి "నీకు ఇస్తాను, ఇల్లు కట్టుకో" అన్నాడు. ప్రస్తుతం అక్కడ నీలం పట్టాలు పరిచి సముద్రపు నాచు ఎండబెడుతున్నారు.

రెండు దారులు చెప్పాడు. ఒకటి 25 ఏళ్ళ లీజు. అరెకు ఏడాదికి కోటి 20 లక్షల రుపియా, మొత్తం ముందే కట్టాలి. అంటే 90 కోట్లు. కంగారు పడకండి, మన డబ్బులో 48 లక్షల దాకా అవుతుంది. రెండోది పూర్తిగా కొనెయ్యడం. కాకపోతే పట్టా ఆయన పేరునే ఉంటుంది, నా దగ్గర వేరే ఒప్పంద పత్రం ఉంటుంది. సనూర్‌లో ఉన్న మధ్యవర్తి "విదేశీయులందరూ ఇలాగే కొంటారు" అని ధైర్యం చెబుతున్నాడు.

నాకు 46 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంటి నుంచే పని. రెండు గదులు మాకు, రెండు గదులు అద్దెకు అని ఆలోచన. మా ఆవిడ మాత్రం "తాతగారి ఇంటి పెంకులు నేయించడానికి తీరిక దొరకలేదు కానీ సముద్రం అవతల మేడ కడతారట" అని నవ్వుతోంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

గవర్రాజు_మనవడు
అరె అంటే ఎంత, అరే?

తాటిముంజ
100 చదరపు మీటర్లు. 120 గజాలకు కాస్త తక్కువ, రెండున్నర సెంట్లకు కూడా కాస్త తక్కువ. అక్కడ భూమి బేరాలన్నీ అరెల్లోనే.

జకార్తా_జమాఖర్చు
ఇక్కడ 14 ఏళ్ళుగా లెక్కలు చూసే పనిలో ఉన్నాను. రెండో దారి గురించి ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని ఇవాళే మరచిపోవాలి.

ఇండోనేషియాలో 1960 నాటి భూచట్టం ఒకటి ఉంది. పూర్తి యాజమాన్య హక్కును హక్ మిలిక్ అంటారు. వ్యక్తుల్లో అది ఆ దేశ పౌరులకే. అదే చట్టంలో 26వ నిబంధన చదవండి. నేరుగా గానీ, చుట్టుతిప్పి గానీ ఆ హక్కును విదేశీయుడికి చేర్చే ఏ లావాదేవీ అయినా చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. "చుట్టుతిప్పి" అన్న మాట మీ మధ్యవర్తి లాంటి వాళ్ళ కోసమే రాశారు. ఆయన చెప్పే "వేరే ఒప్పంద పత్రం" ఉంది చూశారా, రేపు కోర్టుకు వెళితే మీరు చట్టాన్ని తప్పించుకోవాలని చూశారని రుజువు చేసేది అదే. మీ జేబులో మీ మీదే సాక్ష్యం పెట్టుకుని తిరిగినట్టు.

ఇక సక్రమమైన దారులు. హక్ సెవా అంటే అద్దె హక్కు, మీరు లీజు అంటున్నది ఇదే. హక్ పకై అంటే వాడుక హక్కు, ఇది భూమి కార్యాలయంలో నమోదవుతుంది, అక్కడ నివాస అనుమతి ఉన్న విదేశీయులకు ఇస్తారు. మీరు పర్యాటకులుగా వస్తూ పోతూ ఉంటే అది మీ కోసం కాదు. మూడోది విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టడం. దానికి పెట్టుబడి ప్రణాళిక వెయ్యి కోట్ల రుపియాకు పైన చూపాలి, మన లెక్కలో ఐదు కోట్ల పైచిలుకు. నాలుగు గదుల కోసం ఎవరూ ఆ పని చెయ్యరు.

కాబట్టి మీకు మిగిలింది లీజు. అది కూడా ఎలా రాయించుకుంటారన్న దాని మీదే ఉంది.

పోరంబోకు
జమాఖర్చు గారు అంత మర్యాదగా చెప్పారు. మన భాషలో దీనికి ఒక్క మాట ఉంది, బినామీ.

మా పెదనాన్నగారు గుంటూరు వైపు ఎకరంన్నర అసైన్డ్ భూమి కొన్నారు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి, అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అయినా "అందరూ కొంటున్నారు" అని ఒక పెద్దమనిషి చెప్పాడు. స్టాంపు కాగితం మీద రాసుకున్నారు, పదకొండేళ్ళు నిమ్మతోట పెంచారు. ఒకరోజు నోటీసు వచ్చింది. నిమ్మచెట్లతో సహా వెళ్ళిపోయింది. ఆ స్టాంపు కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది, పెద్దమ్మకు కోపం వచ్చినప్పుడల్లా తీసి చూపిస్తుంది.

"అందరూ కొంటున్నారు" అన్న మాట ఎక్కడ విన్నా నాకు నిమ్మకాయలు గుర్తొస్తాయి.

అలల_ఆదివారం
ఇంత భయపెట్టకండి. నేను పక్కనే నుసా పెనిడాలో ఏడేళ్ళుగా ఉంటున్నాను, సముద్రంలో ఈత, డైవింగ్ నేర్పుతాను, నివాస అనుమతి సక్రమంగానే ఉంది. 20 ఏళ్ళ లీజు మీద రెండు అరెలు తీసుకున్నాను. ఇంతవరకూ ఒక్క సమస్య రాలేదు. ఊళ్ళో మంచిగా ఉంటే మనుషులు కాగితాలకంటే గట్టివారు. తాటిముంజ గారు ఐదుసార్లు ఒకే ఇంట్లో దిగారంటేనే ఆయనకు ఆ కుటుంబంతో ఉన్న బంధం తెలుస్తోంది.

జకార్తా_జమాఖర్చు
మీ లీజులో ఇంకా ఎన్నేళ్ళున్నాయి?

అలల_ఆదివారం
13.

జకార్తా_జమాఖర్చు
ఆ 13 అయ్యాక మాట్లాడుకుందాం. లీజు మొదటి సగంలో ఎవరికీ సమస్య రాదు. పొడిగింపు ధర ముందే రాసుకున్నారా, లేక "అప్పటి ధర ప్రకారం" అని వదిలేశారా? చివరి రోజున స్థలంతో పాటు మీరు కట్టిన ఇల్లు కూడా యజమానిదే అవుతుంది, వేరే షరతు రాసుకోకపోతే.

అలల_ఆదివారం
"ఉభయుల అంగీకారంతో" అని ఉంది. సరే, ఒప్పుకుంటున్నాను, అది రాసుకోనట్టే.

మల్లెపందిరి
నేను బాలిలో క్లుంగ్‌కుంగ్‌లో ఉంటాను. మా ఆయనది బాలి, అత్తగారి పుట్టిల్లు లెంబోంగన్‌లోనే. కాబట్టి ఆ ఊరు నాకు చుట్టాల ఊరు.

ముందు మీ వయాన్ ఎవరో తేల్చుకోండి. నవ్వులాటకు అనడం లేదు. బాలిలో మొదటి సంతానం వయాన్, రెండోది మదే, మూడోది న్యోమన్, నాలుగోది కెతుత్. ఐదో బిడ్డ పుడితే మళ్ళీ వయాన్ నుంచి మొదలు. ఆడైనా మగైనా ఇవే పేర్లు, మగవారికి ముందు "ఇ", ఆడవారికి "ని" చేరుస్తారు. జుంగుట్ బటులో వీధిలో నిలబడి "వయాన్" అని పిలిస్తే సగం ఊరు తిరిగి చూస్తుంది. పట్టా మీద ఉన్న వయాన్, మీకు కాఫీ ఇచ్చే వయాన్ ఒకరేనా? గుర్తింపు కార్డులో ఉన్న పూర్తి పేరు, పట్టాలో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

తరువాత, ఆ భూమి ఏ రకం? కొన్ని స్థలాలు గుడి మాన్యాలు, లబ పుర అంటారు. కొన్ని ఊరి ఉమ్మడి భూములు, వాటిలో కుటుంబం తరతరాలుగా ఉంటుంది, బదులుగా గుడికీ ఊరికీ చాకిరీ చెయ్యాలి. ఉండే హక్కు ఉంటుంది, అమ్మే హక్కు ఉండదు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, అన్నింట్లోనూ కొబ్బరిచెట్లే.

ఇంకో మాట. మీరు "ఖాళీ స్థలం" అని రాయలేదు, సంతోషం. నాచు ఎండబెట్టే చోటు అంటే అది వాళ్ళ కళ్ళం. కళ్ళాన్ని ఎవరైనా ఊరికే అమ్ముతారా? అక్కడే ఏదో ఉంది, కనుక్కోండి.

కొంకుదురు_కాలువ
నాచు అంటే ఏమిటి, చెరువులో పాచి లాంటిదా? దాన్ని ఎవరు కొంటారు?

మల్లెపందిరి
మీరు తినే ఐస్‌క్రీములో, పొద్దున వాడే టూత్‌పేస్టులో ఉండవచ్చు. దాని నుంచి కారగీనన్ అనే చిక్కదనం ఇచ్చే పదార్థం తీస్తారు. 1980ల నుంచి ఈ దీవులకు అదే అన్నం పెట్టింది.

పని చూస్తే తెలుస్తుంది. మా అత్తగారి చెల్లెలు, మేము బిబి అంటాం, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మొత్తం పొడవు తాడు ఒడిలో వేసుకుని, పిడికెడు నాచు ముక్కలు జానెడు దూరానికి ఒకటి చొప్పున ప్లాస్టిక్ పీచుతో కడుతుంది. మన దగ్గర కనకాంబరాలు మాల కట్టినట్టే, కళ్ళతో చూడకుండా. పోటు తగ్గినప్పుడు ఆ తాళ్ళను సముద్రంలో పాతిన కర్రల మధ్య కడతారు. అర్ధరాత్రి పోటు తగ్గితే అర్ధరాత్రే, నెత్తికి దీపం కట్టుకుని వెళ్తారు. నెలా పదిహేను రోజుల్లోపు కోత. తెచ్చి పట్టాల మీద రెండు మూడు రోజులు ఎండబెడతారు. వాన పడితే ఊరంతా పరుగు.

పర్యాటకం పెరిగాక పిల్లలు దీన్ని వదిలేసి పడవలు, గదులు, హోటళ్ళ పనుల్లోకి వెళ్ళారు. ఒక దశలో సముద్రంలో కర్రలే కనపడలేదు. 2020లో కోవిడ్‌తో విమానాలు ఆగిపోయాయి కదా, హోటల్లో కాఫీ కలిపిన కుర్రాళ్ళు మళ్ళీ తాళ్ళు పట్టుకున్నారు. అప్పుడు కళ్ళాలు ఎవరికి మిగిలి ఉన్నాయో వాళ్ళు తిన్నారు. లీజుకు ఇచ్చినవాళ్ళు చుట్టాల కళ్ళంలో మూల అడుక్కున్నారు.

పోరంబోకు
సముద్రంలో కూడా ఎవరి చేను వాళ్ళదేనా?

మల్లెపందిరి
అవును. నీటి కింద గట్లు మీకు కనపడవు, వాళ్ళకు కనపడతాయి. తగాదాలు కూడా ఉన్నాయి, మన గట్టు తగాదాల్లాగే.

గవర్రాజు_మనవడు
సముద్రంలో గట్టు జరపడం ఎలాగో మా బాబాయికి చెప్పకండి.

ఉప్పుగాలి
ఇల్లు కట్టడం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను సివిల్ ఇంజనీరును, బాలికి తూర్పున ఉన్న లొంబోక్ పక్కన ఒక దీవిలో రెండేళ్ళు పని చేశాను. సిమెంటు, ఇనుము, ఇసుక, పలకలు, చివరికి మేకులు కూడా పడవలో రావాలి. పడవ నుంచి ఒడ్డుకు మనుషుల భుజాల మీద, అక్కడి నుంచి చిన్న బండి మీద. ప్రతి చేతి మార్పుకూ ఒక ఖర్చు. ఎవరైనా చవకగా కడతానంటే ఇసుక నాలుకతో చూడండి, ఉప్పగా ఉంటే సముద్రపు ఇసుక కలుపుతున్నాడని అర్థం. ఆ ఉప్పుకు లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఐదారేళ్ళలో కప్పు పెచ్చులు ఊడుతుంది.

నీళ్ళ సంగతి అంతకన్నా పెద్దది. లెంబోంగన్‌లో నది లేదు. తీరం దగ్గర బావి తవ్వితే ఉప్పనీరు. ఎక్కువ తోడేకొద్దీ ఇంకా ఉప్పన. స్నానానికి ఉప్పనీరు, తాగడానికి 19 లీటర్ల డబ్బాలు, వంటకు కూడా అవే. రెండు గదులు అద్దెకు ఇచ్చినా రోజూ ఎన్ని బకెట్లు పోతాయో మీరే లెక్క వేయండి. పాత ఇళ్ళలో వాననీటి తొట్లు ఉంటాయి, పెద్దవాళ్ళు ఊరికే కట్టలేదు.

భూకంపం సంగతి కూడా చెబుతాను. 2018 ఆగస్టు 5 రాత్రి లొంబోక్‌లో వచ్చినప్పుడు నేను అక్కడ లేను, కానీ మేము కట్టిన గోడల ఫొటోలు పంపారు. అప్పటి నుంచి ఇటుక గోడ, బరువైన కప్పు అంటే నాకు ఇష్టం లేదు.

జకార్తా_జమాఖర్చు
ఉప్పుగాలి గారికి తోడుగా ఒకటి. తీరం వెంబడి పోటు గరిష్ఠంగా చేరే గీత నుంచి కనీసం 100 మీటర్లు రక్షిత పట్టీ అని 2016లో అధ్యక్ష ఉత్తర్వు వచ్చింది. పాత కట్టడాలు ఆ లోపలే బోలెడు కనపడతాయి, వాటిని చూసి మోసపోకండి. "సముద్రం పక్కన" అన్నారు. ఎన్ని అడుగులు?

తాటిముంజ
కొలవలేదు. కాఫీ కప్పు పట్టుకుని నడిచాను, చల్లారలేదు.

గవర్రాజు_మనవడు
కొత్త కొలమానం. ఒక కాఫీ అంటే ఎన్ని అరెలు?

రాగిచెంబు
నా ప్రశ్న భూమి గురించి కాదు. అమ్మానాన్నలను తీసుకువెళ్ళాలని ఉంది. నాన్నకు 71. పడవ ప్రయాణం తట్టుకుంటారా? శాకాహారం దొరుకుతుందా?

అలల_ఆదివారం
ఉదయం మొదటి పడవ ఎక్కించండి, అప్పుడు సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. బాదుంగ్ జలసంధిలో ప్రవాహం చాలా బలంగా ఉంటుంది, జులై, ఆగస్టుల్లో అలలు పెద్దవి. రేవు అధికారులు పడవలు ఆపేసిన రోజులు కూడా ఉన్నాయి. తిరిగి వచ్చే రోజు, విమానం రోజు ఒకటే పెట్టుకోకండి. నేను ఎంత మందికి చెప్పినా వినరు, తరువాత సనూర్‌లో ఏడుస్తారు.

సనూర్‌లో 2022 నుంచి కొత్త రేవు వచ్చింది కాబట్టి అటువైపు ఎక్కడం సులువే. ఇటు దిగేటప్పుడు ఆటుపోట్లను బట్టి. మొన్న మేము మోకాలి లోతు నీళ్ళలో దిగాం, ఒక చేతిలో చెప్పులు, ఒక చేతిలో సంచీ. పడవ కుర్రాడు పెద్దవాళ్ళను చెయ్యి పట్టుకుని దింపుతాడు, మొహమాటపడకుండా పట్టుకోమనండి.

కొంకుదురు_కాలువ
సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి దిగినవాళ్ళకు ఇది లెక్క కాదు. మా నాన్నగారు పంచె ఎగ్గట్టి, నెత్తి మీద కూరల బుట్టతో దిగేవారు.

అలల_ఆదివారం
పంటు గోదావరిలో పోతుందండీ, ఎగరదు. ఇది ఎగురుతుంది.

మల్లెపందిరి
రాగిచెంబు గారికి: అన్నం, టెంపే అనే పులియబెట్టిన సోయా ముద్ద, టోఫు, ఆకుకూరలు, వేరుశనగ పచ్చడి పోసిన గాడో గాడో, అన్నీ దొరుకుతాయి. కానీ సంబల్ అనే మిరప పచ్చడి అడిగితే అందులో త్రాసి ఉంటుంది, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. "త్రాసి వద్దు" అని ప్రతి చోటా చెప్పాలి. కూరలో కరివేపాకులా కనపడే ఆకు సలాం ఆకు, దానికి మన వాసన ఉండదు. అసలు కరివేపాకు సుమత్రాలోని అచే వైపు కూరల్లో వేస్తారు, బాలిలో వెతికితే గానీ దొరకదు. మొక్క తెద్దామనుకోకండి, క్వారంటైన్‌లో తీసేస్తారు.

తేదీలు కూడా చూసుకోండి. న్యెపి రోజున బాలి మొత్తం మూత, విమానాశ్రయంతో సహా. దీపం వెలిగించరు, గడప దాటరు. అది వాళ్ళ శక సంవత్సరాది, మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి, నేను తలుపులు వేసుకుని చప్పుడు కాకుండా ఉగాది పచ్చడి కలిపాను. అది కాక ఈ దీవులకు ప్రత్యేకంగా సముద్రపు న్యెపి ఒకటి ఉంది, వాళ్ళ నాలుగో నెల పౌర్ణమికి, సెప్టెంబరు, అక్టోబరుల ప్రాంతంలో. ఆ రోజు సముద్రానికి సెలవు. పడవ కదలదు, ఈత లేదు, వల లేదు. గళ్ళ పంచె కట్టిన ఊరి కాపలాదారులు, పెచాలంగ్ అంటారు, తీరంలో తిరుగుతూ ఉంటారు.

రాగిచెంబు
ఎంతో మేలు. వీసా?

జకార్తా_జమాఖర్చు
దిగగానే ఇచ్చే వీసా 5 లక్షల రుపియా, 30 రోజులు, ఒకసారి ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. బాలి ప్రాంతీయ ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీ పర్యాటకుల దగ్గర మనిషికి లక్షా 50 వేల రుపియా వసూలు చేస్తోంది, ముందే కట్టెయ్యండి. గడువు దాటి ఉంటే రోజుకు 10 లక్షల రుపియా జరిమానా.

తాటిముంజ గారూ, ఇది మీకు కూడా. ఆ 60 రోజుల్లో మీరు గదులు అద్దెకు ఇస్తే అది వ్యాపారం. పర్యాటక వీసా మీద వ్యాపారం చేస్తే దేశం నుంచి పంపించేస్తారు. ఇంట్లో అతిథులను పెట్టుకునే చిన్న లైసెన్సు ఉంది, అది స్థానిక పౌరులకే. దూరం నుంచి ఉద్యోగం చేసుకునేవారికి ఏడాది వీసా వచ్చింది, దానికి ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం చూపాలి, అది ఉన్నా గదులు అద్దెకు ఇవ్వకూడదు. అద్దె గదుల లెక్క మీ కాగితం మీద నుంచి కొట్టెయ్యండి. ఆ లెక్క లేకపోతే 48 లక్షలు ఎలా కనపడతాయో చూడండి.

చిల్లరకొట్టు
మన వైపు లెక్క నేను చెబుతాను. బయటి దేశంలో ఐదేళ్ళు దాటిన లీజును విదేశీ మారక నిబంధనల్లో స్థిరాస్తిగానే చూస్తారు. ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలో బ్యాంకు ద్వారా పంపవచ్చు, హవాలా గివాలా వద్దు. 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం ముందే పట్టుకుంటుంది. 48 లక్షలకు 7 లక్షల 60 వేలు. రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో ఏటా చూపించాలి. చూపించకపోతే 2015 చట్టం కింద జరిమానా 10 లక్షలు.

నిర్వాహకుడు
మధ్యలో ఒకరు "లెంబోంగన్‌లో ప్లాట్లు, వాయిదాల్లో" అని ఫోను నంబరుతో పెట్టారు. తీసేశాను.

పోరంబోకు
నిమ్మకాయలు.

సన్నజాజుల_సంధ్య
ఇంత మంది వద్దంటున్నారు కదా, నేను వేరేగా అంటాను. నాకు అక్కడ ఇల్లు లేదు, కానీ రెండేళ్ళ క్రితం మావారు బండి మీద నుంచి పడి మణికట్టు విరిగింది. పక్క దీవి చెనింగన్ వెళ్ళే పసుపు వంతెన దిగుతుంటే జారింది. చిన్న క్లినిక్కులో కట్టు కట్టి, ఎముక సరిచేయాలంటే బాలి వెళ్ళాలన్నారు. అప్పటికి సాయంత్రం పడవలు అయిపోయాయి. రాత్రంతా మేము దిగిన ఇంటి పెద్దావిడ మెలకువగా కూర్చుని గంటకోసారి అల్లం నీళ్ళు ఇచ్చింది. తెల్లారుజామున ఆవిడ కొడుకే తన పడవలో తీసుకువెళ్ళాడు, డబ్బు తీసుకోనన్నాడు. బీమా కంపెనీ మాత్రం మోటారు సైకిల్ అనుమతి ఉన్న అంతర్జాతీయ లైసెన్సు లేదని ఒక్క రూపాయి ఇవ్వలేదు.

మనుషులు మంచివాళ్ళు. అందుకే వాళ్ళతో పట్టా గొడవలు పెట్టుకోవద్దనిపిస్తుంది.

అలల_ఆదివారం
ఆ వంతెన పాతది 2016 అక్టోబరులో కూలిపోయి ప్రాణాలు పోయాయి, మరుసటి ఏడాది కొత్తది కట్టారు. దాని మీద ఇప్పటికీ నెమ్మదిగానే పోతాను.

మల్లెపందిరి
తాటిముంజ గారు మాయమయ్యారు. ఏమైంది?

తాటిముంజ
ఆరు వారాల తరువాత వచ్చాను, క్షమించండి. వెళ్ళి వచ్చాను.

సనూర్ మధ్యవర్తిని పక్కన పెట్టి, మల్లెపందిరి గారు చెప్పినట్టు పట్టా సంగతి తేల్చుకుందామని క్లుంగ్‌కుంగ్‌లో భూమి దస్తావేజులు రాసే నోటరీ దగ్గరకు వెళ్ళాను. భూమి కార్యాలయంలో పట్టా తనిఖీ చేయించాను. పట్టా నిజమైనదే. కాకపోతే అది వయాన్ పేరు మీద లేదు, పదేళ్ళ క్రితం పోయిన వాళ్ళ నాన్న పేరు మీద ఉంది. ఆయన కూడా వయానే. వారసులు నలుగురు. ఒక తమ్ముడు దెన్‌పసార్‌లో, ఇంకొకడు దీవిలోనే, చెల్లెలు పెళ్ళయి సుమత్రాలోని లాంపుంగ్‌లో. దెన్‌పసార్ తమ్ముడికి ఫోను చేస్తే "ఏ స్థలం?" అన్నాడు.

పోటు వచ్చినప్పుడు అడుగులు కూడా లెక్కపెట్టాను. తడి ఇసుక నుంచి నీలం పట్టా అంచుకు 31.

లెక్కపెడుతుంటే వాన మొదలైంది. వయాన్ వాళ్ళ అమ్మ ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి నా చేతిలో నీలం పట్టా కొస పెట్టింది. ఇద్దరం కలిసి నాచును మధ్యకు లాగి మడిచాం. తడి నాచు ఎంత బరువో నాకు తెలియదు అప్పటిదాకా, నడుం పట్టేసింది. ఆవిడకు 70 దాటి ఉంటాయి. మడత మీద రాళ్ళు పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూసి ఏదో అని నవ్వింది. వయాన్ తరువాత చెప్పాడు, "వచ్చే నెల కోతకు కూడా ఉంటావా" అని అడిగిందట. అమ్మకు ఈ బేరం సంగతి చెప్పావా అన్నాను. చెప్పలేదు. కొడుకు నర్సింగు చదువుకు దెన్‌పసార్‌లో ఫీజు కట్టాలి, అందుకే అన్నాడు.

వాళ్ళింటి మేడ మీద గది ఒకటి ఉంది. దాన్ని ఏటా రెండు నెలలకు, మూడేళ్ళ అద్దె ముందే ఇచ్చి తీసుకున్నాను. రుపియాల్లో, ఇండోనేషియా భాషలో రాసిన కాగితం మీద, ఇద్దరం సంతకాలు. ఈ ఏడాది ఫీజుకు అది సరిపోయింది.

జకార్తా_జమాఖర్చు
మంచి పని. అద్దె మీద 10 శాతం పన్ను ఉంటుంది, అది వయాన్ కట్టాలి. ఆయనకు గుర్తు చేయండి.

అలల_ఆదివారం
నేను పొడిగింపు గురించి మా ఇంటాయనతో మాట్లాడాను. "ఇంకా 13 ఏళ్ళుంది కదా, అన్నం తిను" అన్నాడు.

గవర్రాజు_మనవడు
ఇంత చదివించి ఒక్క అరె కూడా కొనలేదా?

తాటిముంజ
లేదు. కానీ నాచు మడవడం వచ్చింది.

రాగిచెంబు
మేము జనవరిలో వెళ్తున్నాం. అమ్మ ఆవకాయ జాడీ తెస్తానంటోంది. పడవలో పట్టుకెళ్ళనిస్తారా?

తాటిముంజ
పట్టుకెళ్ళనిస్తారు. జాడీ వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకు గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకోమనండి. నేను సంచీలో పెట్టాను. రెండో అల దగ్గర పడవ ఎగిరింది. నా పక్కన కూర్చున్న ఆస్ట్రేలియా ఆయన తెల్ల లాగు మీద నూనె ఇంకా ఉండే ఉంటుంది.